ప్రకటనలకు ప్రవేశం లేదు

ఉత్తరాల పెట్టెకు స్టిక్కర్, ఫోన్ నంబరుకు రిజిస్టర్, ప్రభుత్వ కంప్యూటర్లకు భద్రతా నియమం... వద్దన్న ప్రకటనను బయటే నిలిపే ఏర్పాట్లు ఆస్ట్రేలియాలో చాలానే ఉన్నాయి. ఇంట్లోని తెరల సంగతే ఎవరూ పట్టించుకోలేదు. ఆ పని ఇంటివాళ్ళే మొదలుపెట్టారు.

ఆస్ట్రేలియాలో ఏ శివారు వీధిలో నడిచినా ఇళ్ళ ముందున్న ఉత్తరాల పెట్టెలను చూడండి. చాలావాటి మీద 'నో జంక్ మెయిల్' అని చిన్న స్టిక్కర్ ఉంటుంది. అది ఉన్న పెట్టెలో కరపత్రం వేయకూడదు. పిజ్జా కూపన్లు, సూపర్‌మార్కెట్ ధరల పుస్తకాలు, 'మీ ఇల్లు అమ్మే ఆలోచన ఉందా' అని పలకరించే రియల్ ఎస్టేట్ ఏజెంట్ల చీటీలు ఆ గేటు దాటి ముందుకు పోవాల్సిందే. చాలాచోట్ల ఇది పంచేవాళ్ళు తమకు తాము పెట్టుకున్న నియమమే అయినా చాలావరకు పాటిస్తారు. 'ఇచ్చట ప్రకటనలు అంటించరాదు' అన్న రాత మీదే నాలుగు పోస్టర్లు కనిపించే ఊళ్ళ నుంచి వెళ్ళిన మనవాళ్ళకు, ఒక స్టిక్కర్ మాట ఇంతగా చెల్లడం మొదట్లో వింతగానే ఉంటుంది.

2020 సెప్టెంబరులో కోల్స్ సూపర్‌మార్కెట్ తన వారపు క్యాటలాగును ఇంటింటికీ వేయడం మానేసింది. కాగితం ఆగింది గానీ బేరం ఆగలేదు. అది ఫోనులోకి, టీవీలోకి, పిల్లల టాబ్లెట్‌లోకి మారింది. అక్కడ అంటించడానికి స్టిక్కర్ లేదు.

నిజానికి వద్దన్నవాడి మాటకు విలువిచ్చే చట్టాలు ఆ దేశంలో తొందరగానే వచ్చాయి. అడగని వ్యాపార మెయిళ్ళు, ఎస్సెమ్మెస్‌ల మీద 2003లోనే స్పామ్ చట్టం చేశారు. 2006లో 'డు నాట్ కాల్' చట్టం వచ్చింది. మరుసటి ఏడాది మే నెలలో రిజిస్టర్ తెరిచారు. మన దగ్గర 1909కి మెసేజ్ కొట్టి డీఎన్‌డీ పెట్టుకున్నట్టే అక్కడా నంబరు నమోదు చేసుకోవచ్చు. రాజకీయ పార్టీలకు మాత్రం మినహాయింపు. 2019 ఎన్నికల ముందు, మళ్ళీ 2025లో, గనుల కోటీశ్వరుడు క్లైవ్ పామర్ పార్టీల ఎస్సెమ్మెస్‌లతో దేశమంతా ఫోన్లు మోగిపోతే జనం తిట్టుకున్నారే గానీ ఆపే మార్గం లేకపోయింది. చట్టం రాసేవాళ్ళు తమ కోసం ఒక కిటికీ తెరిచి ఉంచుకోవడం ఏ దేశంలోనైనా మామూలే.

సర్కారు తనకోసం రాసుకున్న నియమం

ఈ విషయంలో అన్నిటికంటే ఆసక్తికరమైన కాగితం కాన్‌బెర్రాలో ఉంది. దేశ సైబర్ భద్రతను చూసే ఆస్ట్రేలియన్ సిగ్నల్స్ డైరెక్టరేట్ 2017లో 'ఎసెన్షియల్ ఎయిట్' పేరుతో ఎనిమిది ప్రాథమిక జాగ్రత్తల జాబితా ఇచ్చింది. సాఫ్ట్‌వేర్ ఎప్పటికప్పుడు అప్‌డేట్ చేసుకోవడం, రోజూ బ్యాకప్‌లు తీయడం లాంటివే అన్నీ. అందులో బ్రౌజర్లను కట్టుదిట్టం చేయడం గురించి చెప్పే చోట ఒక నియమం ఉంది: ఇంటర్నెట్ నుంచి వచ్చే ప్రకటనలను బ్రౌజర్ అసలు తెరవకూడదు. ఈ జాగ్రత్తలను మెట్లవారీగా పాటించాలి. ఇది పై మెట్టుకు చేరినవాళ్ళు పాటించేది కూడా కాదు, మొట్టమొదటి మెట్టులోనే ఉంది. ఫెడరల్ శాఖలు రెండో మెట్టును అందుకోవాలని 2022 నుంచి తప్పనిసరి చేశారు. మాటలు తగ్గించి చెప్పుకుంటే, ఆస్ట్రేలియా ప్రభుత్వ ఉద్యోగి ఆఫీసు కంప్యూటర్లో యాడ్ బ్లాకింగ్ అధికారిక విధానం.

ఎందుకంత భయం? వార్తల పేజీలో కనిపించే యాడ్ ఆ పత్రిక పెట్టింది కాదు. మీరు లింకు నొక్కిన మరుక్షణం ఆ ఖాళీ గడి వేలానికి వెళ్తుంది. మీరు ఏ ఫోను వాడుతున్నారు, సుమారుగా ఎక్కడున్నారు, ఈమధ్య ఏం వెతికారు అన్న వివరాలు పాటగాళ్ళ చేతుల్లో పడతాయి. సెకనులో పదో వంతు గడిచేసరికి పాట ముగిసిపోతుంది. గెలిచినవాడి సర్వర్ నుంచి అతని కోడ్ మీ తెర మీదకు వస్తుంది. ఆ కోడ్ ఏమిటో పత్రిక సంపాదకుడికీ తెలియదు, మీకూ తెలియదు. ఈ బజారులో పాటగాళ్ళు వేలల్లో ఉన్నా సంతలో పెత్తనం మాత్రం ఎక్కువగా ఒకడిదే. 2020లో ఆస్ట్రేలియాలో ఇలా చేతులు మారిన ప్రకటనల్లో 90 శాతానికి పైగా కనీసం ఒక గూగుల్ సేవ గుండా వెళ్ళాయని వినియోగదారుల, పోటీ వ్యవహారాల కమిషన్ ఏసీసీసీ 2021లో తేల్చింది.

ఈ దారిలో మంచి వ్యాపారులతో పాటు మోసగాళ్ళూ వస్తారు. పెర్త్‌లోని గనుల అధిపతి ఆండ్రూ ఫారెస్ట్ ముఖం పెట్టి క్రిప్టో మోసపు యాడ్లు ఫేస్‌బుక్‌లో తిరుగుతుంటే ఆయన 2022లో ఏకంగా ఫేస్‌బుక్ యజమాని మెటా మీద క్రిమినల్ కేసు వేశాడు. రెండేళ్ళకు ప్రాసిక్యూషన్ విభాగం సాక్ష్యం చాలదని దాన్ని ముగించేసింది. అంత డబ్బున్నవాడికే తన ముఖాన్ని యాడ్‌లోంచి తీయించుకోవడం కష్టమైంది. అన్ని రకాల మోసాలూ కలిపి ఆస్ట్రేలియన్లు 2023లో పోగొట్టుకున్నది 274 కోట్ల డాలర్లు. సెర్చ్ ఫలితాల్లో అసలు సంస్థల్లా కనిపించే దొంగ యాడ్లు వస్తున్నాయి, బ్లాకర్ పెట్టుకోండి అని అమెరికా ఎఫ్‌బీఐ 2022 డిసెంబరులో తన పౌరులకే నేరుగా సలహా ఇచ్చింది.

ఇక బెట్టింగ్. ఏటా 2,500 కోట్ల డాలర్లకు పైగా జూదంలో పోగొట్టుకునే ఆ దేశం, తలసరి నష్టంలో ప్రపంచంలోనే ముందుంది. ఫుటీ (అక్కడి ఫుట్‌బాల్) మ్యాచ్ పెట్టినా, క్రికెట్ పెట్టినా స్కోరుతో పాటు పందెం రేటూ వినపడుతుంది. ఎంపీ పీటా మర్ఫీ నాయకత్వంలోని పార్లమెంటరీ కమిటీ 2023 జూన్‌లో 31 సిఫారసులు చేసింది. ఆన్‌లైన్ జూదపు ప్రకటనలను మూడేళ్ళలో దశలవారీగా పూర్తిగా ఆపేయాలన్నది వాటిలో ముఖ్యమైనది. ఆమె క్యాన్సర్‌తో పోరాడుతూనే ఆ నివేదిక పూర్తిచేసి, ఆ డిసెంబరులో కన్నుమూశారు. 2024లో ప్రభుత్వం నిషేధాన్ని పాక్షికానికి తగ్గించి ఆలోచించి, ఏడాది చివరకు అదీ ఎన్నికలు దాటేదాకా వాయిదా వేసింది. తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో ఆన్‌లైన్ జూదాన్నే నిషేధించాయి. అయినా బెట్టింగ్ యాప్‌ల ప్రచారం ఎంతమంది కుర్రాళ్ళను అప్పుల్లోకి నెట్టిందో మనకు చెప్పక్కర్లేదు. చట్టం ఉన్నచోటా, రాబోతున్నచోటా యాడ్ మాత్రం ముందే చేరిపోతుంది.

గోప్యతా చట్టం మీద 2023లో వెలువడ్డ సమీక్ష, తన వివరాలు చూసి తనకోసమే వేసే ప్రకటనలు వద్దనే హక్కు పౌరుడికి ఉండాలని సూచించింది. 2024 చివర్లో వచ్చిన సవరణ చట్టంలో దానికి చోటు దొరకలేదు. తన ఆఫీసుల్లో యాడ్లు తెరవొద్దని రాసుకున్న ప్రభుత్వమే ఇంట్లో పౌరుడికి ఆ హక్కు ఇవ్వలేదన్నమాట. నా ఫిర్యాదు ఇదొక్కటే.

'అలాంటివాళ్ళు ఈ ఊళ్ళో లేరు'

మరి ఇంట్లో వాళ్ళు ఏం చేస్తున్నారు? 2016 జనగణనలో ఆస్ట్రేలియాలో ఇంట్లో తెలుగు మాట్లాడేవారు 34 వేల పైచిలుకు. 2021 నాటికి 59 వేలు దాటారు. మెల్‌బోర్న్ పడమర టార్నీట్, పాయింట్ కుక్, సిడ్నీలో వెంట్‌వర్త్‌విల్, పారమట్టా వైపు వెళ్తే తెలుగు వినపడని వీధి అరుదు. వీళ్ళలో ఐటీ ఉద్యోగాల్లో ఉన్నవాళ్ళు చాలామంది కాబట్టి, ఇంటి నెట్‌వర్క్‌లోనే యాడ్లు ఆపే విద్య దోసెపిండి రహస్యాలతో పాటే వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతుంటుంది.

ఆ విద్యకు మూలం డీఎన్ఎస్. కొత్త ఊరికి వచ్చినవాడు కిరాణా కొట్టు దగ్గర ఆగి 'ఫలానావారి ఇల్లెక్కడండీ' అని అడిగినట్టు, ఫోను ఏ సైట్‌కు వెళ్ళాలన్నా ముందు డీఎన్ఎస్ సర్వర్‌ను చిరునామా అడుగుతుంది. ఒక వార్తాపేజీ తెరిస్తే పత్రిక చిరునామా ఒక్కటే అడగదు. యాడ్లు పంపేవాళ్ళు, లెక్కలు కట్టేవాళ్ళు, వెంటపడేవాళ్ళు, అందరి ఇళ్ళూ ఆరా తీస్తుంది. కొట్టతను మనవాడైతే? పత్రిక చిరునామా చెప్పి, మిగతావాళ్ళ పేరు ఎత్తగానే 'అలాంటివాళ్ళు ఈ ఊళ్ళో లేరు' అనేస్తాడు. యాడ్‌ను తెచ్చాక దాచడం కాదిది, తేవడానికి వెళ్ళనివ్వకపోవడం. అందుకే డేటా మిగులుతుంది, పేజీ త్వరగా తెరుచుకుంటుంది.

ఆ కొట్టతని ఉద్యోగం చేసే ఉచిత సాఫ్ట్‌వేర్ పై-హోల్. అమెరికాకు చెందిన జేకబ్ సాల్మెలా దాన్ని 2015లో విడుదల చేశాడు. అరచేతిలో ఇమిడిపోయే రాస్‌బెర్రీ పై కంప్యూటర్లో ఎక్కించి, రౌటర్‌కు తగిలించి, చిరునామాలన్నీ దీన్నే అడగమని రౌటర్‌కు చెబితే చాలు. ఎవరి పేరు చెప్పకూడదో తెలిపే జాబితాలను ప్రపంచంలో ఎక్కడెక్కడివాళ్ళో జీతం లేకుండా తయారుచేస్తుంటారు. పై-హోల్‌తో పాటే వచ్చేది స్టీవెన్ బ్లాక్ నిర్వహించే జాబితా. అందులో జూదపు సైట్లకు ప్రత్యేకంగా ఒక భాగం ఉంది. పార్లమెంటరీ కమిటీ మూడేళ్ళు అడిగిన పనిలో కొంత ఇంట్లో ఒక గీతతో చేసుకోవచ్చు. కొన్ని కంపెనీలు ఇచ్చే మోడెంలలో డీఎన్ఎస్ మార్చే వీలుండదు. అప్పుడు సొంత రౌటర్ కొనుక్కోవాలి, లేదా ఇంట్లో ఐపీ నంబర్లు పంచే పనిని కూడా పై-హోల్‌కే అప్పజెప్పాలి.

పెట్టుకున్నవాళ్ళు మొదటిసారి దాని పట్టిక తెరిచి చూసినప్పుడు ఆశ్చర్యపడేది బ్రౌజర్ గురించి కాదు, టీవీ గురించి. అందరూ పడుకున్నాక, స్టాండ్‌బైలో ఉన్న స్మార్ట్ టీవీ ఎవరెవరి చిరునామాలో అడుగుతూనే ఉంటుంది. పిల్లల ఆటల యాప్ ఒక్కటి పదిమందిని పలకరిస్తుంది. ఇంతకాలం మనం డబ్బిచ్చి కొన్న వస్తువు రాత్రిళ్ళు ఎవరికి కొలువు చేస్తోందో కళ్ళకు కట్టినట్టు కనిపిస్తుంది. నా లెక్కలో పై-హోల్ చేసే పెద్ద మేలు యాడ్లు ఆపడం కన్నా ఇదే.

ఇల్లు దాటితే ఈ పెట్టె వెంట రాదు. ఫోనుకు వేరే దారి ఉంది. 2018లో వచ్చిన ఆండ్రాయిడ్ 9 నుంచి సెట్టింగుల్లో 'ప్రైవేట్ డీఎన్ఎస్' అన్న గడి ఉంటుంది. అందులో యాడ్‌గార్డ్ లాంటి సంస్థ ఇచ్చే పేరు టైపు చేస్తే యాప్ ఏదీ ఎక్కించకుండానే చాలా యాడ్లు ఆగిపోతాయి. నెక్స్ట్‌డీఎన్ఎస్ అయితే మన జాబితాలు మనమే ఎంచుకోనిస్తుంది, నెలకు 3 లక్షల ప్రశ్నల దాకా డబ్బు అడగదు. ఐఫోన్‌లో 2020 నాటి ఐఓఎస్ 14 నుంచి ఇదే పనిని ప్రొఫైల్ ద్వారా చేసుకోవచ్చు. సఫారీలో కంటెంట్ బ్లాకర్లకు అనుమతి 2015లోనే వచ్చింది. ఆండ్రాయిడ్ క్రోమ్‌లో ఎక్స్‌టెన్షన్లు పెట్టుకోలేం. ఫైర్‌ఫాక్స్‌లో మాత్రం రేమండ్ హిల్ రాసిన యూబ్లాక్ ఆరిజిన్ అనే బ్లాకర్ హాయిగా నడుస్తుంది. విరాళం ఇస్తామన్నా పుచ్చుకోని మనిషి ఆయన.

చాలామంది 1.1.1.1 పెట్టుకుని యాడ్లు ఆగలేదేమని అడుగుతుంటారు. అది ఆపదు. వేగానికీ గోప్యతకూ క్లౌడ్‌ఫ్లేర్ 2018 ఏప్రిల్ 1న మొదలుపెట్టిన డీఎన్ఎస్ అది. ఆ అందమైన నంబరు మాత్రం బ్రిస్బేన్‌లో ఉన్న ఏప్‌నిక్‌ది. భారత్ సహా ఆసియా పసిఫిక్ దేశాలకు ఇంటర్నెట్ చిరునామాలు కేటాయించే సంస్థ అది. పరిశోధన కోసం దాన్ని క్లౌడ్‌ఫ్లేర్‌కు వాడుకోనిచ్చింది.

ఉచితమన్న ప్రతి కాపలాదారునూ నమ్మొద్దు. మీ సమాచారాన్ని కాపాడతానంటూ ఒనావో ప్రొటెక్ట్ అనే ఉచిత వీపీఎన్ యాప్ ఒకటి ఉండేది. దాని యజమాని ఫేస్‌బుక్. వాడుకరులు ఏ యాప్ ఎంతసేపు చూస్తున్నారో అది తన యజమానికి చేరవేసింది. ఆ సంగతి జనానికి సరిగా చెప్పలేదని ఏసీసీసీ కోర్టుకు వెళ్తే, 2023 జులైలో ఫెడరల్ కోర్టు మెటా అనుబంధ సంస్థలకు 2 కోట్ల డాలర్ల జరిమానా వేసింది. కంచే చేను మేసిందంటే ఇదే. డీఎన్ఎస్‌ను ఎవరికి అప్పగిస్తే వాళ్ళకు మీరు ఏయే గుమ్మాలు తొక్కుతున్నారో తెలుస్తుంది. ఇంట్లో సొంత పెట్టె పెట్టుకున్నా, అది తనకు తెలియని చిరునామాలను బయట మరో సర్వర్‌ను అడగాల్సిందే. అక్కడా ఎవరిని నమ్ముతున్నామో చూసుకోవాలి.

యూట్యూబ్ దగ్గర ఓటమి

ఇంత హంగామా చేసి, ఇండియా నుంచి ఆరునెలలు ఉండటానికి వచ్చిన అమ్మ చేతికి టాబ్లెట్ ఇస్తే ఆమె మొదట తెరిచేది యూట్యూబ్. పొద్దున్నే సుప్రభాతం పెడితే మధ్యలో కారు ఇన్సూరెన్స్ యాడ్ దిగుతుంది, అదీ ఆస్ట్రేలియన్ యాసలో. పై-హోల్ దీన్ని ఆపలేదు. వీడియో వచ్చే ఇంటి నుంచే యాడూ వస్తుంది కాబట్టి, ఆ చిరునామా మూసేస్తే సుప్రభాతమూ ఆగిపోతుంది. ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్‌లలోనూ ఇదే తంతు. టీవీ యాప్‌లు కొన్ని యాడ్‌ను కార్యక్రమంలోనే కుట్టేసి పంపుతున్నాయి. కొన్ని పరికరాలు మన కొట్టతన్ని పట్టించుకోకుండా నేరుగా గూగుల్ డీఎన్ఎస్‌నే అడుగుతాయి. బ్రౌజర్‌లో యూబ్లాక్ ఉంటే యూట్యూబ్ యాడ్లనూ ఆపొచ్చు గానీ 2023 నుంచి ఆ సంస్థ బ్లాకర్లు వాడేవాళ్ళను పట్టి ఆపుతోంది. వీళ్ళో దారి మూస్తారు, జాబితాలు రాసేవాళ్ళు మరోటి తెరుస్తారు. అంత తీరిక లేనివాళ్ళు ప్రీమియం కట్టేస్తారు. అందులో తప్పేం లేదు.

ఇంట్లో నెట్‌వర్క్ అధికారి కావడం అంత సుఖమైన పదవీ కాదు. 'ఏమండీ, సూపర్‌మార్కెట్ పాయింట్ల మెయిల్‌లో లింకు నొక్కితే ఏమీ రావట్లేదు' అని ఒకరు. 'ఏరా, నా ఫోనులో ఏం చేశావ్, పేపర్ తెరుచుకోవట్లేదు' అని ఇంకొకరు. మెయిళ్ళలోని లింకులు చాలావరకు లెక్కలు కట్టేవాళ్ళ ఇంటి మీదుగా తిప్పి పంపేవే. ఆ గుమ్మం మూస్తే లింకు చచ్చిపోతుంది. జాబితాలు ఎక్కువ పెట్టుకుంటే ఘనత అనుకునేవాళ్ళు ఉన్నారు. ఒకటి రెండు మంచివి చాలు. చిరునామా పట్టుకుని మూసేసేవాళ్ళు ఎంత జాగ్రత్తగా ఉండాలో ఆస్ట్రేలియాకు బాగా తెలుసు. 2013లో పెట్టుబడుల నియంత్రణ సంస్థ ఏసిక్ ఒక మోసపు సైట్‌ను మూయించబోయి, అదే ఐపీ నంబరు మీద ఉన్న 1,200 అమాయక సైట్లను మూసేసింది. వాటిలో మెల్‌బోర్న్ ఫ్రీ యూనివర్సిటీదీ ఒకటి.

ఎవరి పొట్ట కొడుతున్నాం?

ఈ ప్రశ్న దాటవేయదగ్గది కాదు. 2015 సెప్టెంబరులో ఐఫోన్‌లో బ్లాకర్లకు అనుమతి రాగానే అమెరికన్ ప్రోగ్రామర్ మార్కో ఆర్మెంట్ 'పీస్' అనే యాప్ పెట్టాడు. డబ్బిచ్చి కొనే యాప్‌లలో అది మొదటి స్థానానికి ఎక్కింది. రెండు రోజులకే ఆయన దాన్ని వెనక్కి తీసేసుకున్నాడు. మంచి పత్రికనూ చెడ్డ పత్రికనూ ఒకే కత్తితో నరుకుతున్నామన్న భావన ఆయన్ను నిలవనీయలేదు. ఆ ఇబ్బంది నాకు అర్థమవుతుంది. మీ చేతిలో ఉన్న ఈ అనుబంధం కూడా ప్రకటనల మీదే బతుకుతోంది. అయితే పేజీ తిప్పితే కనిపించే ఫ్లాట్ల ప్రకటన మీరు దాన్ని ఎంతసేపు చూశారో ఎవరికీ చెప్పదు, రేపు మీ వెనకాలే ఆఫీసుకు రాదు. నాకు అభ్యంతరం ఆ వెంటపడటం మీదే.

పత్రికలను కుంగదీసింది బ్లాకర్లేనన్నది కూడా పూర్తి నిజం కాదు. 2020 మేలో న్యూస్ కార్ప్ ఆస్ట్రేలియాలో వందకు పైగా స్థానిక పత్రికల ముద్రణ ఆపేస్తున్నట్టు ప్రకటించింది. అప్పటికే ఆ పత్రికల ప్రకటనల డబ్బు గూగుల్, ఫేస్‌బుక్‌లకు తరలిపోయింది. ఆ డబ్బులో వాటా ఇప్పించాలనే ప్రభుత్వం 2021లో వార్తల బేరసారాల చట్టం తెచ్చింది. అది ఆమోదం పొందకముందే కోపంతో ఫేస్‌బుక్ ఫిబ్రవరి 18న దేశమంతా వార్తలను మూసేసింది. ఆ ఊపులో వాతావరణ శాఖ పేజీ కూడా పోయింది. బ్లాక్ చేయడం తప్పని పాఠకుడికి చెప్పే కంపెనీల్లోనే ఒకటి, పనిపడినప్పుడు ఒక దేశం వార్తలనే బ్లాక్ చేసింది.

అందుకని నేను పాటించేది ఇది: ట్రాకర్లనూ, బెట్టింగ్‌నూ జాలి లేకుండా ఆపేయడం. రోజూ చదివే పత్రికకు, వినే పాడ్‌కాస్ట్‌కు చందా కట్టడం. అది కుదరకపోతే ఆ ఒక్క సైట్‌కు బ్లాకర్ తీసేసి చూడటం. యాడ్లతో పేజీ మింగుడుపడకపోతే మళ్ళీ పెట్టేసుకోవడం.

మూడో దారి చూపిస్తున్నదీ అక్కడివాళ్ళే. ప్రభుత్వ ప్రసార సంస్థ ఏబీసీకి చట్టమే ప్రకటనలు వద్దంది. అలాంటిదే అయిన ఎస్‌బీఎస్‌కు గంటకు 5 నిమిషాలు మించకూడదంది. తెలుగు సహా అరవైకి పైగా భాషల్లో మాట్లాడే ఆ ఎస్‌బీఎస్, తన ఆన్ డిమాండ్ సేవలో జూదం, మద్యం, ఫాస్ట్‌ఫుడ్ యాడ్లు వద్దనుకునే ప్రేక్షకులకు వాటిని ఆపే వీలు కల్పిస్తామని 2023లో ప్రకటించింది. యాడ్లు ఉంటాయి, ఏవి చూడాలో ప్రేక్షకుడు చెబుతాడు. మన ఓటీటీలూ, తెలుగు న్యూస్ చానళ్ళ యాప్‌లూ సెట్టింగుల్లో ఇలాంటి మీట ఒకటి పెట్టడానికి ఏ పార్లమెంటు చట్టం కోసమూ ఆగనక్కర్లేదు.